చేసిండె, చేస్తా ఉండె: ఇంగ్లీషు ‘హ్యాడ్’ మన ఇంటి మాటలోనే ఉంది

మా ఊరిగాం లైన్లలో ఏ ఇంటికి పోయినా మంచం కింద ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో సర్వీసు సర్టిఫికెట్టు, పాత జీతం చీటీలు, క్వార్టర్సు కాగితం, ఆసుపత్రి చీటీలు. అన్నీ ఇంగ్లీషులోనే. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడినాక ఈ కాగితాల పని తగ్గుతుందనుకున్నాము. తగ్గలేదు, పెరిగింది. రావలసిన బాకీకి ఒక అర్జీ, ఇంటి కోసం ఒక అర్జీ, పింఛనుకు ఒకటి, పిల్లోడి ఉద్యోగానికి ఒకటి. ప్రతి అర్జీలోనూ ఒక వాక్యం తప్పకుండా వస్తుంది. ఇంటి పెద్ద ఎక్కడ, ఎన్నేళ్లు, ఎప్పటిదాకా పని చేసినాడు అనే వాక్యం. ఆ వాక్యం దగ్గరే మన పిల్లల పెన్ను ఆగిపోతుంది. ‘హ్యాడ్ వర్క్‌డ్’ అని రాయాలా, ‘హ్యాడ్ బీన్ వర్కింగ్’ అని రాయాలా?

సాయంత్రం పూట మా వసారాలో ట్యూషను చెప్తాను. ట్యూషను అయినాక ఇరుగుపొరుగు అర్జీలు రాసిస్తాను. రెండు పనుల్లోనూ నన్ను ఎక్కువగా అడిగేది ఈ సంగతే. ఈ పత్రిక చదివే ఇళ్లల్లో పదో క్లాసు పిల్లలు ఉంటారు, అర్జీలు రాయించుకునే పెద్దలూ ఉంటారు. ఇద్దరికీ పనికొచ్చేటట్టు ఈ నెల దీని గురించి రాస్తున్నాను.

ముందొక మాట. మీలో చాలామందికి మిల్లు అంటే నూలు మిల్లో, బట్టల మిల్లో. మా ఊళ్లో మిల్లు అంటే రాయి దంచే మిల్లు. గని లోపల నుంచి పైకొచ్చిన రాయిని దంచి, పొడి చేసి, సైనైడు నీళ్లలో నానబెట్టి బంగారం తీసే చోటు. అట్లా తీయగా మిగిలిన పిప్పే ఇప్పుడు మా ఊరి చుట్టూ గుట్టలు గుట్టలుగా నిలబడి ఉంది. గని లోపలికి దిగినవాళ్లను అందరూ తలుచుకుంటారు గానీ, పైన మిల్లులో ఆ పొడి మధ్య బతికినవాళ్లను తలిచేది తక్కువ. మా నాయన మిల్లు మనిషే, కాబట్టి నాకు ఆ పక్షపాతం కొంచెం ఉంటుంది.

ఇప్పుడు సంగతికి వస్తాను. మా వెనక లైనులో ఉండే అత్త ఒకామె ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చింది. ఆమె భర్త 1978లో మిల్లులో చేరినాడు, మూతపడే రోజుదాకా ఉన్నాడు, తర్వాత కొన్నేళ్లకు పోయినాడు. అర్జీ రాసింది కాలేజీకి పోయే పిల్లోడు. చేతిరాత ముత్యాలు. అందులో ఉన్న వాక్యం ఇది: “మై హస్బెండ్ హ్యాడ్ వర్క్‌డ్ ఇన్ ద మిల్ అండ్ ద మైన్ వాజ్ క్లోజ్‌డ్ ఇన్ 2001.” కౌంటరులో కూర్చున్నాయన చదివి, “అంటే మూతపడక ముందే మానేసినాడా?” అని అడిగినాడు. అత్తకు ఇంగ్లీషు రాదు. ఏం చెప్పాలో తెలియక అర్జీ వెనక్కి తీసుకొని నా దగ్గరకు వచ్చింది. “ఏం తప్పు రాసినాడు నాయనా వాడు? మామ ఆఖరు దినం దాకా పోతా ఉండె కదా!” అంది.

చూడండి, పిల్లోడు గ్రామర్ తప్పు రాయలేదు. పరీక్షలో అయితే మార్కులు పడేవి. కానీ ఆ వాక్యం చెప్పింది వేరు, అత్త చెప్పాలనుకున్నది వేరు. ‘హ్యాడ్ వర్క్‌డ్’ అని, ఎన్నేళ్లో ఎప్పటినుంచో చెప్పకుండా ఊరికే వదిలేస్తే, ఆ పని అంతకు ముందెప్పుడో జరిగి, ముగిసిపోయి, ఒక అనుభవంగా మిగిలిపోయింది అనే అర్థం ముందు వస్తుంది. “ఆయన ఒకప్పుడు మిల్లులో చేసినవాడే” అన్నట్టు. కౌంటరులో ఆయన చదువుకున్నది అదే. అత్తకు కావలసింది ఇంకొకటి. మూతపడే రోజు ఒక గీత అనుకుంటే, ఆ గీత దాకా పని నడుస్తూనే వచ్చింది, గీత దగ్గర తెగింది. నేను ఇట్లా మార్చినాను: “వెన్ ద మైన్ వాజ్ క్లోజ్‌డ్ ఆన్ 28 ఫిబ్రవరి 2001, మై హస్బెండ్ హ్యాడ్ బీన్ వర్కింగ్ ఇన్ ద మిల్ సిన్స్ 1978.” ఎప్పటినుంచి అనేది ఉంది, ఎప్పటిదాకా అనేది ఉంది, మధ్యలో తెగలేదు అనేదీ ఉంది.

గ్రామర్ మారిస్తే డబ్బు వస్తుందని నేను చెప్పను. సర్వీసు సర్టిఫికెట్టులో ఉండే తేదీల ముందు మన వాక్యాలు ఏపాటివి? అత్త అర్జీ ఇంకా తేలలేదు కూడా. కానీ ఆ కౌంటరు దగ్గర వచ్చిన ప్రశ్న మళ్లీ రాదు, అంతవరకు నిజం.

ఇక్కడ అసలు విషయం. ట్యూషనులో పిల్లలకు ఈ రెండు టెన్సులు చెప్పేటప్పుడు గైడులో ఉండే తెలుగు అర్థాలు చూస్తే నాకు నవ్వొస్తుంది. ‘హ్యాడ్ డన్’కి “చేసి యుండెను”, ‘హ్యాడ్ బీన్ డూయింగ్’కి “చేయుచూ ఉండి యుండెను”. ఈ రెండో మాట ఏ తెలుగువాడి నోట్లోంచి అయినా ఎప్పుడైనా వచ్చిందా? గైడు చదివి పిల్లలు కంఠస్థం చేస్తారు, పరీక్షలో కక్కుతారు, అర్జీలో మళ్లీ తప్పుతారు. పేపర్లో, టీవీలో వచ్చే తెలుగు చూద్దామా అంటే అక్కడ ‘చేశాడు’ ఒక్కటే మూడు పనులు చేస్తుంది. ‘డిడ్’ కూడా చేశాడే, ‘హ్యాజ్ డన్’ కూడా చేశాడే, ‘హ్యాడ్ డన్’ కూడా చేశాడే. ‘అప్పటికే’ అని ఒక మాట చేర్చితేనే తేడా తెలుస్తుంది. అందుకే బయట పిల్లలకు ఈ టెన్సులు గాలిలో కట్టిన గోడల మాదిరి అనిపిస్తాయి.

మన కోలారు జిల్లా తెలుగు అట్లా కాదు. మా అవ్వ మాట్లాడింది వినండి. “నేను వచ్చేలోపల వాడు పోయిండె.” “మీ తాత అప్పటికే రెండు షిఫ్టులు చేసిండె.” “నేను చెప్పింటి, మీరు వినలేదు.” ఈ పోయిండె, చేసిండె, చెప్పింటి ఏమిటి? అచ్చంగా ఇంగ్లీషు వాడి ‘హ్యాడ్ గాన్’, ‘హ్యాడ్ డన్’, ‘హ్యాడ్ టోల్డ్’. జరిగిన ఒక సంగతికన్నా ముందే జరిగి ముగిసిన ఇంకొక సంగతి. దీనికోసం మన ఇంటి తెలుగులో ఒక ప్రత్యేకమైన రూపమే ఉంది. రెండోది: “గని మూసేటప్పటికి మీ నాయన ఇరవై మూడేండ్ల నుంచి మిల్లులో చేస్తా ఉండె.” ఇది ‘హ్యాడ్ బీన్ వర్కింగ్’. ఊరికే “చేస్తా ఉండె” అంటే ‘వాజ్ వర్కింగ్’ కూడా కావచ్చు, ఒప్పుకుంటాను. కానీ “అప్పటికి ఇన్నేండ్ల నుంచి” అని ముందు చేరినాక అది ఇంగ్లీషులో ‘హ్యాడ్ బీన్’ అవుతుంది. ‘వాజ్ వర్కింగ్’ అంటే ఆ ఒక్క క్షణంలో పనిలో ఉన్నాడని మాత్రమే చెప్తుంది, వెనక ఎంత దూరం నుంచి వచ్చిందో చెప్పదు.

ఇంకో అదృష్టం కూడా మనకుంది. మా లైన్లలో పిల్లలు వీధిలో తమిళం, బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. తమిళంలో ‘సెంజిరుందారు’, ‘సెంజిట్టిరుందారు’. కన్నడంలో ‘మాడిద్రు’, ‘మాడ్తా ఇద్రు’. అవే రెండు గదులు, తలుపులు వేరు. మూడు భాషల్లో రోజూ సరిగ్గా వాడుతున్న తేడాను నాలుగో భాషలో నేర్చుకోలేము అనుకోవడం నాకు వింతగా ఉంటుంది. ఇంటి తెలుగు మాట్లాడితే “ఇదేం మోటు తెలుగురా” అనే సార్లు మా కాలంలో ఉండిరి, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లు మోటు అన్న ఆ ‘చేసిండె’ ఇంగ్లీషు టెన్సుకు సరిగ్గా సరిపోయే తాళం చెవి.

కాబట్టి నా ట్యూషనులో నియమం ఒకటే. ముందు వాక్యాన్ని మీ అవ్వ ఎట్లా చెప్తుందో అట్లా చెప్పు. ‘ఇండె’ వస్తే ‘హ్యాడ్’ తర్వాత మూడో రూపం, అంటే డన్, గాన్, వర్క్‌డ్. ‘ఇన్నేండ్ల నుంచి చేస్తా ఉండె’ వస్తే ‘హ్యాడ్ బీన్’ తర్వాత ఇంగు. ఆ తర్వాత గైడు తెరువు.

పిల్లలకు ఉదాహరణలు ఇవ్వాలంటే నేను టామ్, మేరీ అని పరాయి పేర్ల దగ్గరకు పోను. మన ఊరి కథలోనే కావలసినన్ని ఉన్నాయి. టిప్పు సుల్తాను పోయినాక మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్ అనే ఇంగ్లీషు లెఫ్టినెంటు 1802లో మా ఊరిగాం, మారికుప్పం పక్కకు వచ్చినాడు. ఇక్కడి మట్టిలో బంగారం ఉందని విని, చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానన్నాడంట. ఊరివాళ్లు బండ్లకు మట్టి ఎత్తుకొచ్చి, ఆయన ఎదురుగానే కడిగి బంగారు పొడి తీసి చూపించినారు. పుస్తకాల్లో ‘వారెన్ కనిపెట్టినాడు’ అన్నట్టు రాసుంటుంది. టెన్సు సరిగ్గా వాడితే ఆ మాట నిలవదు. “వెన్ వారెన్ కేమ్, ద విలేజర్స్ హ్యాడ్ బీన్ వాషింగ్ గోల్డ్ ఫ్రమ్ ద సాయిల్ ఫర్ జనరేషన్స్.” ఆయన వచ్చేటప్పటికి ఊరోళ్లు తరతరాల నుంచి కడుగుతా ఉండిరి. ‘హ్యాడ్ వాష్‌డ్’ అంటే ఎప్పుడో కడిగి మానేసినారేమో అనిపించవచ్చు. ‘హ్యాడ్ బీన్ వాషింగ్’ అంటే ఆ రోజు కూడా ఆ పని బతికే ఉంది.

కరెంటు సంగతి దీనికి ఎదురు ఉదాహరణ. 1902లో శివసముద్రం నుంచి దాదాపు 92 మైళ్లు తీగ లాగి మన గనులకు కరెంటు తెచ్చినారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది 1905లో. “వెన్ ద లైట్స్ కేమ్ ఆన్ ఇన్ బెంగళూరు, ద కరెంట్ హ్యాడ్ ఆల్‌రెడీ రీచ్‌డ్ ద గోల్డ్ ఫీల్డ్స్.” బెంగళూరులో దీపం పెట్టేటప్పటికి మనకు కరెంటు వచ్చిండె. చేరడం అనేది ఒక్కసారి జరిగి అయిపోయే పని. అది సాగదు, కాబట్టి ఇంగు రాదు. ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా పిల్లలకు మీసం మొలిచినంత గర్వం. ఇప్పుడు కరెంటు పోయినప్పుడు అదే పిల్లలు ఇదే వాక్యం చెప్పి నన్ను ఎగతాళి చేస్తారు, అది వేరే సంగతి.

1930లో వేలిముద్రలు తీసుకొని కూలీలను నమోదు చేసే పద్ధతి పెట్టినందుకు గనుల్లో పెద్ద సమ్మె జరిగింది. జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ అడుగు పెట్టింది 1880లో. అంటే సమ్మె నాటికి కంపెనీ 50 ఏళ్లుగా బంగారం తీస్తా ఉండె. “హ్యాడ్ బీన్ టేకింగ్ అవుట్ గోల్డ్ ఫర్ ఫిఫ్టీ ఇయర్స్.” ఇక్కడ ‘ఫర్’ పక్కన కాలం కొలత వస్తుంది, ‘సిన్స్’ పక్కన మొదలైన ఏడు వస్తుంది. 50 ఏళ్లకు ఫర్, 1880కి సిన్స్. ఈ చిన్నదాంట్లో డిగ్రీ చదివినవాళ్లు కూడా తడబడతారు.

ఇంకొకటి, మా ఊళ్లో చాలామంది పిల్లలకు తెలియనిది. ఛాంపియన్ రీఫ్ గనిలో, భూమి లోపల రెండు కిలోమీటర్లకు పైగా లోతులో, బొంబాయి టాటా సంస్థ సైంటిస్టులు జపాను, ఇంగ్లండు వాళ్లతో కలిసి యంత్రాలు పెట్టి, ఆకాశం నుంచి వచ్చే న్యూట్రినో అనే అణువుకన్నా చిన్న కణాలను 1965లో పట్టుకున్నారు. ఆ పరిశోధనలు 1992లో ఆగినాయి. గని మూతపడింది 2001లో. “వెన్ ద మైన్ క్లోజ్‌డ్, ద సైంటిస్ట్స్ హ్యాడ్ లెఫ్ట్.” మూసేలోపల సైంటిస్టులు పోయిండిరి. ‘హ్యాడ్ బీన్ లీవింగ్’ అంటే మూట సర్దుకుంటా వాకిట్లో తొమ్మిదేళ్లు నిలబడినట్టు అవుతుంది. క్లాసులో అందరూ నవ్వుతారు, ఇంక మరిచిపోరు.

ఎంత, ఎన్ని అని లెక్క చెప్తే సింపుల్. ఎంత కాలం నుంచి అని చెప్తే కంటిన్యువస్. ఇది చాలావరకు పని చేసే సూత్రం. గనులు మూతపడేటప్పటికి ఇక్కడి నుంచి దాదాపు 800 టన్నుల బంగారం తీసిండిరి, ‘హ్యాడ్ ప్రొడ్యూస్‌డ్’. అదే 120 ఏళ్ల నుంచి తీస్తా ఉండిరి, ‘హ్యాడ్ బీన్ ప్రొడ్యూసింగ్’. టన్నులు చెప్పి ఇంగు పెట్టకూడదు.

ఈ తేడా పరీక్ష కాగితం దాటి మనిషి ఒంటి మీదకు వచ్చే చోటు ఒకటుంది. అది దగ్గు. సిలికోసిస్ గురించి మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పనక్కర లేదు. రాతి పొడి ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టి, గట్టిపడి, గాలి చాలకుండా పోతుంది. ఒకసారి కట్టిన మచ్చ మళ్లీ కరగదు. పని మానేసినాక కూడా జబ్బు ముదరవచ్చు. మన దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాతలోకి ఎక్కింది 1940లలో, మన కోలారు గనుల కార్మికులను పరీక్ష చేసినప్పుడే. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు ఆయన అడిగేది: ఏ పని, ఎన్నేళ్లు, పొడి ఎంత, ఎప్పుడు మానేసినావు? ఇంగ్లీషులో రాసిచ్చేటప్పుడు “హీ హ్యాడ్ ఇన్‌హేల్డ్ డస్ట్” అని రాస్తే ఒకరోజు దుమ్ము పీల్చినట్టు కూడా చదవవచ్చు. “వెన్ ద కాఫ్ స్టార్టెడ్, హీ హ్యాడ్ బీన్ బ్రీతింగ్ స్టోన్ డస్ట్ ఇన్ ద మిల్ ఫర్ ఎయిటీన్ ఇయర్స్” అని రాస్తే, దగ్గుకు ముందు ఏం నడుస్తా వచ్చిందో కనిపిస్తుంది. ఇంగ్లీషువాళ్లు ఈ కంటిన్యువస్‌ను ఎక్కువగా వాడేది ఇట్లాంటి చోటే. కళ్ల ముందు ఒక ఫలితం ఉంది, దాని వెనక సాగిన పని కారణం. నేల తడిగా ఉంది, వాన పడతా ఉండె. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడుస్తా ఉండె. పని ఆ క్షణంలో ఆగిపోయి ఉన్నా పర్వాలేదు, అప్పుడే ఆగి, దాని గుర్తు ఇంకా మిగిలి ఉంటే చాలు.

‘అప్పుడే ఆగి’ అనేది గట్టిగా పట్టుకోండి. మా పక్క వీధి అన్న ఒకాయన గనులు మూతపడక నాలుగేళ్ల ముందే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాడు. అత్త అర్జీ సంగతి విని, “నాకూ అట్లే హ్యాడ్ బీన్ అని రాసి పెట్టప్పా, బలంగా ఉంటుంది” అన్నాడు. నేను రాయలేదు. ఆయన విషయంలో “వెన్ ద మైన్ వాజ్ క్లోజ్‌డ్, హీ హ్యాడ్ బీన్ వర్కింగ్” అంటే అబద్ధం. ఆయనకు సరైన వాక్యం “హీ హ్యాడ్ వర్క్‌డ్ అండర్‌గ్రౌండ్ ఫర్ ట్వెంటీ ఇయర్స్ బిఫోర్ హీ రిటైర్డ్ ఇన్ 1997.” ముగిసిన సర్వీసుకు సింపులే గౌరవం. ఆయనకు కొంచెం కోపం వచ్చింది. సర్టిఫికెట్టులో 1997 అని, అర్జీలో 2001 దాకా అన్నట్టు ఉంటే ఎవరి మాట నమ్ముతారన్నా అని అడిగితే, కాసేపు ఆలోచించి “సరే, ఉన్నదే రాయి” అన్నాడు.

కొన్ని మాటలకు ఎన్నేళ్లు సాగినా ఇంగు రాదు. తెలిసి ఉండడం, నమ్మడం, ఒకటి మన సొంతంగా ఉండడం, ఇష్టపడడం, ఒకరికి చెంది ఉండడం. ఇవి చేసే పనులు కావు, ఉండే స్థితులు. “ఐ హ్యాడ్ బీన్ నోయింగ్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్” అని మన పక్క చాలామంది రాస్తారు. తప్పు. “ఐ హ్యాడ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్.” ఇక్కడ కూడా అవ్వనే అడగండి. “వాని సంగతి నాకు ముందే తెలిసిండె” అంటుంది గానీ, “తెలుస్తా ఉండె” అనదు.

నివాసం, ఉద్యోగం లాంటి వాటికి మాత్రం ‘ఫర్ ట్వెంటీ ఇయర్స్’ అని కొలత పెట్టినాక రెండు రూపాలూ నడుస్తాయి. “హ్యాడ్ లివ్‌డ్ హియర్ ఫర్ ట్వెంటీ ఇయర్స్”, “హ్యాడ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ట్వెంటీ ఇయర్స్”, రెంటికీ పెద్ద తేడా లేదు. పరీక్షలో ఒకటే ఒప్పు అని గీత కొట్టే సార్లు దొరికితే వాళ్లతో వాదం పెట్టుకోవద్దు, మార్కులు పోతాయి. అర్జీలో మాత్రం, చివరి రోజుదాకా తెగలేదు అని చెప్పడం ముఖ్యమైతే, ఇంగు ఉన్నదే రాయండి.

ఇంటి తెలుగు మనకు తాళం చెవి అన్నాను గదా, అది ఒక చోట తప్పు తలుపు కూడా తీస్తుంది. ఇది బెంగళూరుకు రైలెక్కే పిల్లలకు. చీకటితో మారికుప్పంలో బయలుదేరి, ఛాంపియన్, ఊరిగాం, కోరమండల్ స్టేషన్లలో జనాన్ని ఎక్కించుకొని బంగారపేట మీదుగా పోయే రైళ్లలో ఎంతమంది మన పిల్లలు పోతారో మీకు తెలుసు. గనులు పోయినాక ఆ రైలే మా ఊరి షాఫ్టు. అందులో ఒక అమ్మాయి ఒక కంపెనీకి ఇంటర్వ్యూకు పోయి వచ్చి చెప్పింది. “నిన్న ఏం చేసినావు?” అని అడిగితే “ఎస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు మై ఆంట్స్ హౌస్” అని చెప్పిందంట. అడిగినాయన “దెన్?” అని కాచుకొని కూర్చున్నాడంట. ఆమె చెప్పడం అయిపోయింది, ఆయన వినడం అయిపోలేదు.

ఎందుకట్లా? మన మాటలో “నిన్న అత్తోళ్ల ఇంటికి పోయింటి” అంటే పోయి, వచ్చేసినాను అని అర్థం. కథ పూర్తి. కన్నడం వాళ్లు ‘హోగిద్దె’ అన్నా అంతే. ఇంగ్లీషులో ‘హ్యాడ్ గాన్’ ఒంటరిగా నిలబడదు. అది రెండో అంతస్తు మాదిరి, కింద ఒక అంతస్తు ఉండాలి. పోయిండగా ఏమైంది? ఎవరైనా వచ్చినారా, ఫోను వచ్చిందా? కింది అంతస్తు లేకపోతే “ఐ వెంట్” చాలు. అందుకే మా ట్యూషనులో రెండో నియమం: ‘హ్యాడ్’ రాసే ముందు, దానికన్నా తర్వాత జరిగిన ఇంకొక సంగతి వాక్యంలో గానీ, పక్క వాక్యంలో గానీ, మాట్లాడే సందర్భంలో గానీ ఉందా అని వెతకాలి. లేకపోతే ‘హ్యాడ్’ కొట్టేయాలి. ఆ అమ్మాయికి ఉద్యోగం ఇంకో చోట వచ్చింది. రోజూ రైలెక్కుతుంది, ఆదివారం మా వసారాలో చిన్న పిల్లలకు ఆమే ఈ పాఠం చెప్తుంది. నాకన్నా బాగా చెప్తుందని పిల్లలు అంటారు.

ఇంకా పనిలో ఉన్నవాళ్ల గురించి రాసేటప్పుడు ‘హ్యాడ్’ జోలికే పోవద్దు. “మై ఫాదర్ హ్యాజ్ బీన్ వర్కింగ్ ఇన్ ద స్పిన్నింగ్ మిల్ సిన్స్ 2005.” నూలు మిల్లుల్లో ఉన్న మీకు ఇదే ఎక్కువ పనికొస్తుంది. బతికున్న ఉద్యోగానికి ‘హ్యాడ్’ రాస్తే చదివినవాడు, పాపం మానేసినాడా అనుకుంటాడు. అదే విధంగా మూతపడిన మిల్లు గురించి ‘హ్యాజ్ బీన్’ రాయకూడదు.

పిల్లలకు నాలుగు వాక్యాలు ఇస్తున్నాను. జవాబులు కిందనే ఉన్నాయి, చెయ్యి అడ్డం పెట్టుకొని చేయండి. నేను స్టేషనుకు పోయేలోపల రైలు పోయిండె. అవ్వ చేతికంతా రాగిపిండి, అప్పటిదాకా సంగటి కెలుకుతా ఉండె. మేము ఇంటికొచ్చేలోపల అవ్వ పన్నెండు ముద్దలు చేసిండె. మొన్న కోలారుకు పోయింటి.

మొదటిది “ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ ఐ రీచ్‌డ్ ద స్టేషన్”, పోవడం ముగిసింది కాబట్టి. రెండోది “షీ హ్యాడ్ బీన్ మేకింగ్ సంగటి”, చేతికి పిండి ఇంకా ఉంది కాబట్టి. మూడోది “షీ హ్యాడ్ మేడ్ ట్వెల్వ్ ముద్దలు”, ముద్దలు ఎన్నో లెక్క చెప్పినాము కాబట్టి. నాలుగోది “ఐ వెంట్ టు కోలార్ ద డే బిఫోర్ ఎస్టర్‌డే”. ఇందులో ‘హ్యాడ్’ లేదు.